ఇద్దరు సూర్యుళ్ల మేడ

హైదరాబాద్‌లో కొత్త మేడలన్నీ సాయంత్రం ఆరున్నరకే పుడతాయి. దినపత్రిక మొదటి పేజీని మింగేసే ప్రకటన చూడండి, ఔటర్ రింగ్ రోడ్డు వెంట హోర్డింగులు చూడండి. ఆకాశం సగం నారింజ, సగం ఊదా. నలభై అంతస్తుల్లో ప్రతి కిటికీలోనూ దీపం వెలుగుతుంటుంది, ఇంకా పునాది గొయ్యి కూడా తవ్వకముందే. కింద రోడ్డు అప్పుడే వాన వెలిసినట్టు మెరుస్తూ, దుర్యోధనుడు చూస్తే పంచె పైకెత్తి పట్టుకునేలా ఉంటుంది. ఆ రోడ్డు మీద ఒకే ఒక్క కారు. కాలిబాట మీద ఓవర్‌కోటు తొడుక్కున్న ఆరడుగుల మనిషి, చేతిలో కాగితం కప్పు కాఫీ. కోకాపేటలో ఓవర్‌కోటు ఎందుకని అడక్కండి. వాన వెలిసిన రోడ్డు మీద ఒక్క గుంతయినా ఎందుకు లేదనీ అడక్కండి.

అడగాల్సింది సూర్యుడి సంగతి. బొమ్మలో ఆయన మేడ వెనక్కి దిగిపోతున్నాడు, గోడల అంచుల మీద బంగారు గీత గీసి మరీ. మేడ ముఖం మాత్రం ధగధగలాడుతోంది. వెనక దిగిపోయేవాడు ముందు గోడకు ఎండ ఎలా పంపగలడు? పంపలేడు. అంటే ముందువైపు ఇంకో సూర్యుడున్నాడన్నమాట. ఇంకాస్త కిందికి వస్తే 'నూటికి నూరుపాళ్లు వాస్తు, తూర్పు ముఖం' అని రాసి ఉంటుంది. అప్పుడు లెక్క కుదురుతుంది: వెనకున్నాయన అస్తమిస్తున్నాడు, ముందున్నాయన ఉదయిస్తున్నాడు, ఇద్దరూ ఒకే చదరపు అడుగు ధరకు. సంధ్యావందనం చేసే పెద్దాయన ఎవరైనా ఆ ఫ్లాటు కొంటే ఎటు తిరిగి నిలబడాలో సేల్స్ ఆఫీసువారే సెలవివ్వాలి.

ఇలాంటి బొమ్మలు తయారుచేసే వృత్తిలో తెగని తగవు ఒకటుంది. డిజిటల్ మోడల్‌ను మలచేటప్పుడు, పదిమందికి చూపించేటప్పుడు కళాసూత్రాలను పాటించాలా, మనసుకు తోచినట్టు పోవాలా? ఆర్కిటెక్చర్ కాలేజీ జ్యూరీల్లో ఇదే తగవు, సదస్సుల్లో ఇదే, ఆఫీసులో టీ తాగేచోట ఇదే. రెండు పక్షాలకూ పెద్దలున్నారు, శిష్యులున్నారు, చందాదారులున్నారు.

సూత్రవాదిది శాస్త్రం. ఆయన తెర మీద ముందు నాలుగు గీతలు పడతాయి, అడ్డంగా రెండు, నిలువుగా రెండు. గీతలు కలిసే చోట ద్వారం ఉండాలి. లేకపోతే ద్వారాన్నే జరుపుతాడు. ఫ్లోర్ ప్లాన్ సంగతి తర్వాత. ఆ పైన స్వర్ణనిష్పత్తి సుడి ఒకటి పరుస్తాడు. అది ఏ బొమ్మ మీద పరిచినా ఎక్కడో ఒకచోట తగులుతుంది, తగిలినచోట ఆయన కళ్లు చెమరుస్తాయి. ముందు చీకటి, నడుమ వెలుగు, వెనక పొగమంచు. గచ్చిబౌలి మే నెలలో పొగమంచు పడదని గుర్తుచేస్తే, అది లోతు కోసమని బోధిస్తాడు.

స్ఫూర్తివాదికి గీతలంటే జాలి. 'ఫీల్ రావాలండీ' అంటాడు. మౌసుతో కెమెరాను తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఠక్కున ఆగి 'ఇదే' అంటాడు. ఎందుకు ఇదే అంటే చెప్పడు, చెబితే ఫీజు తగ్గుతుంది. క్లయింటు వచ్చి 'రిచ్ లుక్ రాలేదు' అంటే మాత్రం ఆ స్ఫూర్తి వెంటనే ఇంకోచోట ఆగుతుంది.

ఇప్పుడు ఇద్దరి బొమ్మలూ పక్కపక్కన పెట్టి, పేర్లు మూసేసి, ఎవరిది ఏదో చెప్పండి. చెప్పలేరు. ఇద్దరూ కెమెరాను నేల మీద నడిచే మనిషెవడూ చేరలేని ముప్పై అడుగుల ఎత్తున గాల్లో వేలాడదీశారు. ఇద్దరూ రోడ్డు తడిపారు. ట్రాన్స్‌ఫార్మర్‌నీ, కేబుల్ తీగల చిక్కునీ, మురుగు కాలువనీ, పక్క స్థలంలో లేస్తున్న మరో టవర్‌నీ ఇద్దరూ కలిసికట్టుగా మాయం చేశారు. ఇంత ఏకాభిప్రాయం ఉన్నవాళ్లు దేని మీద పోట్లాడుకుంటున్నట్టు?

ముందు స్ఫూర్తి సంగతి చూద్దాం, ఎక్కువ గర్వం అక్కడే ఉంది కనక.

స్ఫూర్తి లోపలినుంచి రావాలంటారు. ఈయన స్ఫూర్తి ఇన్‌స్టాలేషన్ ఫైలుతోపాటు వచ్చింది. ఏ రెండరింగ్ సాఫ్ట్‌వేరైనా సరే, లూమియన్ తెరవండి, ట్విన్‌మోషన్ తెరవండి, ఎన్‌స్కేప్ తెరవండి. చెట్లు సిద్ధంగా ఉంటాయి, మనుషులు సిద్ధంగా ఉంటారు, సోఫా సిద్ధంగా ఉంటుంది. చలిదేశపు బర్చ్ చెట్టు, మేపుల్ చెట్టు చేతికందే దూరంలో. కానుగ కావాలన్నా, వేప కావాలన్నా వెతకాలి. అందుకే శంషాబాద్ విల్లాల ముందు తెల్లబెరడు చెట్లు వరుసగా మొలుస్తాయి. ఆకాశం కూడా అరువుదే. ఎక్కడో యూరప్ పొలం గట్టున, లేదంటే దక్షిణాఫ్రికా గడ్డి మైదానంలో ఎవరో మహానుభావుడు కెమెరాను చుట్టూ తిప్పి తీసి ఉచితంగా పెట్టిన ఆకాశాన్ని ఈయన నార్సింగి మీద బోర్లిస్తాడు. దాంతోపాటు ఆ ఊరి సూర్యుడూ వస్తాడు. మోడల్‌లో ముందే పెట్టుకున్న సూర్యుడు వేరే. ఇందాకటి ఇద్దరు సూర్యుళ్ల జన్మరహస్యం అదే.

మనుషుల సంగతి ఇంకా ముచ్చట. స్వీడన్‌లో ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి తన స్నేహితులను ఫోటోలు తీసి, చుట్టూ కత్తిరించి, స్కాల్‌గుబ్బర్ అనే వెబ్‌సైట్లో ఎవరైనా వాడుకోండని పెట్టాడు. మంచి పనే చేశాడు, పాపం. ఆ కుర్రాళ్లు ఆ తర్వాత ఏ దేశపు ప్రాజెక్టులో పడితే ఆ దేశపు ప్రాజెక్టులో సైకిలు తొక్కుతూ, బిడ్డను భుజాన ఎత్తుకుని తిరుగుతూ కనిపించారు. మన ఓవర్‌కోటు బాబాయి వాళ్లకు దగ్గరి బంధువే అయ్యుంటాడు. తిరుపతి పక్కన లేఅవుట్‌లో ఒక్క పంచెకట్టూ లేదు, ఒక్క ముసలమ్మా లేదు, గేటు దగ్గర వాచ్‌మన్ భార్య ఆరేసిన ఒక్క చీరా లేదు. ఆ ముసలమ్మను వేయాలని ఏ స్ఫూర్తికీ తోచదు. లైబ్రరీలో లేనిది స్ఫూర్తికి ఎలా తోస్తుంది?

ఆ సాయంత్రం కూడా అరువు తెచ్చుకున్నదే. ఉత్తరాది చలిదేశాల్లో సూర్యుడు ఏటవాలుగా జారుతూ దిగుతాడు, ఆ బంగారు వెలుగు తీరిగ్గా చాలాసేపు ఉంటుంది. అక్కడి ఫోటోగ్రాఫర్లు దానికి పేరుపెట్టి పూజించారంటే అర్థముంది. మనం పదిహేడో అక్షాంశం దగ్గరున్నాం. ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువునా దిగుతాడు. కూరగాయల సంచి పట్టుకుని బయల్దేరితే తిరిగొచ్చేసరికి చీకటి. ఆ కాసేపటి వెలుగులోనే తెలుగువాళ్ల ఇళ్లన్నీ నిలబెట్టి చూపిస్తున్నాం. మిగతా పగలంతా, అంటే ఆ ఇంటి గోడ కాలేదీ, ఏసీ మోత పెట్టేదీ, బాల్కనీ తలుపు తెరవలేక మూసేదీ, ఎవరి బ్రోషర్‌లోనూ లేదు.

అసలైన స్ఫూర్తి ఉన్నవాళ్లు లేకపోలేదు. మెట్లు ఎక్కుతూ మూడో మెట్టు దగ్గర ఆగి 'ఇది అర అంగుళం లేచింది' అని కాలితో చెప్పే మేస్త్రీ ఉన్నాడు. టేపు పెట్టి చూస్తే లేచే ఉంటుంది. అది పూనకం కాదు, ఆ కాలు ఎక్కిన మెట్ల లెక్క. ఆ లెక్కనే 1675లో పారిస్‌లో ఫ్రాంస్వా బ్లాండెల్ అనే ఆచార్యుడు సూత్రంగా రాశాడు: మెట్టు ఎత్తు రెండింతలు, దానికి మెట్టు వెడల్పు కలిపితే మనిషి ఒక్క అడుగు దూరం రావాలి. కాలిలో ఉన్నప్పుడు స్ఫూర్తి, కాగితం మీదికొస్తే సూత్రం. ఇద్దరు గురువులకూ ఇక్కడ పోట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. మిగిలిందల్లా ఆ మెట్లు ఎక్కడమే. డిజిటల్ మెట్లను ఎవరూ ఎక్కరు కనక, వాక్‌త్రూలో కెమెరా వాటి మీదుగా దెయ్యంలా తేలిపోతుంది కనక, మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి వాటి సంగతి గృహప్రవేశం రోజునే తెలుస్తుంది.

ఇక సూత్రాలు. వీటిని దేవుడు చెప్పినట్టు చెబుతారు కాబట్టి, ఏ కొండ మీద చెప్పాడో కాస్త చూద్దాం. తెరను మూడు భాగాలు చేసే 'రూల్ ఆఫ్ థర్డ్స్' ఉంది కదా. ఆ పేరుతో దాన్ని 1797లో అచ్చువేసింది జాన్ థామస్ స్మిత్ అనే లండన్ ఎన్‌గ్రేవర్. ఆయన పల్లెటూరి దృశ్యాలు ఎలా గీయాలో రాస్తూ, నేల మూడో వంతు, ఆకాశం రెండు వంతులు ఉంటే కంటికి బాగుంటుందని తన అనుభవం చెప్పాడు. సలహా బాగానే ఉంది. పొలాలూ గుడిసెలూ గీసేవారికి ఇచ్చిన ఆ సలహా రెండు శతాబ్దాలు దాటివచ్చి, కొండాపూర్‌లో క్లబ్‌హౌస్ ఎంట్రన్స్ ఎక్కడుండాలో నిర్ణయిస్తోంది.

దీనికంటే రుచికరమైన కథ మాడ్యులోర్‌ది. చండీగఢ్ కట్టిన లె కార్బూజియే ప్రపంచంలోని కట్టడాలన్నిటికీ పనికొచ్చే కొలతల వ్యవస్థ ఒకటి తయారుచేశాడు. చెయ్యెత్తి నిలబడ్డ మనిషి, అతని బొడ్డు ఎత్తు, దాన్నుంచి స్వర్ణనిష్పత్తిలో పుట్టిన అంకెల వరుసలు. మహా గంభీరం. మొదట ఆ మనిషి ఎత్తు 1.75 మీటర్లు. ఆ లెక్క అడుగులూ అంగుళాల్లో సరిగా పడలేదు. అప్పుడు ఆయన బృందంలో ఒకాయనకు మెరుపు మెరిసింది: ఇంగ్లీషు డిటెక్టివ్ నవలల్లో పోలీసుల్లాంటి అందగాళ్లందరూ ఆరడుగులే ఉంటారు కదా! అంతే, మనిషి 1.83 మీటర్లకు పెరిగాడు. ఈ సంగతి శత్రువులు పుట్టించిందేం కాదు, కార్బూజియే తన పుస్తకంలో తానే సంబరంగా చెప్పుకున్నాడు. చండీగఢ్‌లో ఈ కొలతలతోనే కట్టారు. సూత్రం వేళ్లు తవ్వితే అడుగున ఒక డిటెక్టివ్ నవల బయటపడింది, ఆ నవలను ఎంచింది మాత్రం స్ఫూర్తే. దీని మీద ఇప్పుడు ఏ పక్షం జెండా పాతాలి?

సూత్రాలు దండగని నేననను. బొమ్మలో రంగులన్నీ తీసేసి నలుపు తెలుపులో, కళ్లు సగం మూసి చూస్తే ద్వారం ఎక్కడుందో తెలియాలి అనే పాత పాఠం నిజంగా పనికొచ్చేది. కంటి ఎత్తు అయిదడుగుల పైచిలుకు ఉండాలనేదీ, నిలువు గీతలు నిలువుగా నిలబడాలనేదీ అంతే. అవి చూసేవాడికి మేలు చేసే సూత్రాలు. కాని ఆ జాబితాలో లెన్సు సంగతొకటి ఉంది, దాన్ని మాత్రం సూత్రవాది గొంతు తగ్గించి చదువుతాడు. పది బై పన్నెండు బెడ్‌రూమ్‌ను మరీ వైడ్ లెన్సుతో చూపిస్తే మంచానికీ గోడకీ మధ్య కబడ్డీ ఆడుకోవచ్చు. అదీ చాలకపోతే స్కేల్ టూల్ ఉంది. మంచాన్ని పదో వంతు కుదిస్తే గది పెరుగుతుంది. ఆ మంచం మీద ఎవరు పడుకుంటారంటే, ఎలాగూ ఓవర్‌కోటు బాబాయి ఒక్కరాత్రి కూడా అక్కడ ఉండడు.

ఈ మొత్తం తగవులో నవ్వొచ్చే విషయం ఒకటుంది. ఊరి అక్షాంశ రేఖాంశాలూ, తేదీ, గంట ఇస్తే సూర్యుణ్ణి సరైనచోట నిలబెట్టే సదుపాయం స్కెచప్‌లో ఎన్నో ఏళ్లుగా ఉంది. నీడలు ఎటు పడతాయో నిమిషాల లెక్కన చూపిస్తుంది. అందులో ఏ గురువూ అక్కర్లేదు. అది నొక్కితే, హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి ఒరుగుతాడని తెలుస్తుంది. ఉత్తరం బాల్కనీ ఎప్పుడూ చల్లగా ఉంటుందని ఎక్కువ పోసి కొన్నవాళ్లు కనీసం ఒక కర్టెన్‌కి సిద్ధపడేవారు. పడమటి గాజు గోడ వెనక పిల్లల గది పెట్టినవాడు ఇంకోసారి ఆలోచించేవాడు. ఆ బటన్ నొక్కరు. నొక్కితే రెండో సూర్యుడు ఆరిపోతాడు.

2023 ఆగస్టు 3న కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం నూరు కోట్లు దాటింది. దేశమంతా చెప్పుకుంది. అదే రోజు మధ్యాహ్నం హైదరాబాద్‌కు నీడలేని రోజు, పన్నెండు దాటాక సూర్యుడు సరిగ్గా నడినెత్తిన. ఎకరం నూరు కోట్ల నేల మీద నిలబడ్డ మనిషికి తన సొంత నీడ కూడా దక్కని మధ్యాహ్నం అది. ఆ నేల మీద లేచిన టవర్ల బొమ్మల్లో మాత్రం నీడలు తాటిచెట్టంత పొడుగ్గా, నీలంగా, మెత్తగా పరుచుకుని ఉంటాయి.

ఇదంతా ప్రైవేటు బిల్డర్ల గొడవేనని అమరావతివారు ఊపిరి పీల్చుకోనక్కర్లేదు. అక్కడ ఒక బొమ్మ కోసం రాష్ట్రమంతా కళావిమర్శకులమయ్యాం. జపాన్‌వారి మాకీ సంస్థ వేసిన శాసనసభ నమూనా చూసి అణు విద్యుత్ కేంద్రం పొగగొట్టాల్లా ఉన్నాయన్నారు కొందరు. వాళ్లను పక్కనబెట్టి లండన్‌కు చెందిన నార్మన్ ఫోస్టర్ సంస్థను తెచ్చారు. 2017లో దర్శకుడు రాజమౌళిని కూడా లండన్ పంపి సలహా అడిగారు. తెలుగువాడి ఆత్మ ఎలా ఉండాలో, ఎన్ని మీటర్లు ఉండాలో చర్చలు జరిగాయి. ఒక పక్షం ఆ బొమ్మలను ఊరు కట్టేసినంత ధీమాగా చూపింది. రెండో పక్షం 'అంతా గ్రాఫిక్స్' అని తిట్టింది, గ్రాఫిక్స్ అన్న మాటతో 33 వేల పైచిలుకు ఎకరాలిచ్చిన రైతుల కాగితాలు కూడా పిక్సెళ్లయిపోతాయన్నట్టు. ఇద్దరి వాదనా బొమ్మ చుట్టూనే తిరిగింది. బొమ్మ కింద నేల ఉందన్న సంగతి, ఆ నేల ఇచ్చి కౌలు కోసం ఎదురుచూసేవాళ్లకు తప్ప ఇంకెవరికీ గుర్తులేదు.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి. అంతమంది నిపుణుల మధ్య, సూర్యుడు ఎటునుంచి వస్తాడో అడిగినవాడు సినిమావాడే. శాసనసభలో తెలుగుతల్లి విగ్రహం మీద సూర్యకిరణం పడేలా చేద్దామన్నది రాజమౌళి ఆలోచన. శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో ఏడాదికి రెండు విడతలు పొద్దుటి కిరణాలు సూర్యనారాయణమూర్తి పాదాలను తాకుతాయి. ఆ గుడి కట్టినవాళ్లు సూత్రం గెలిచిందా స్ఫూర్తి గెలిచిందా అని జ్యూరీ పెట్టుకోలేదు. పొద్దు ఏ రోజు ఎక్కడ పొడుస్తుందో నిలబడి చూశారు, మర్నాడూ చూశారు, ఏడాది తిరిగాక మళ్లీ చూశారు. గోపురం బొమ్మ వెనక అరువు ఆకాశం పరిచి, కిరణం పడ్డట్టు ఫోటోషాప్‌లో గీత గీసే వీలు వాళ్లకు లేకపోయింది.

కంటికి నచ్చనిది తుడిచేయడం కూడా కంప్యూటరు నేర్పిన విద్య కాదు. ఇంగ్లండులో హంఫ్రీ రెప్టన్ అనే తోటల రూపశిల్పి జమీందార్లకు ఎర్ర అట్టల పుస్తకాలు తయారుచేసి ఇచ్చేవాడు. బొమ్మ మీద చిన్న కాగితం రెక్క అతికించి ఉంటుంది. రెక్క వేసి ఉంటే ఇప్పుడున్న తోట, ఎత్తితే రాబోయే తోట. మన బ్రోషర్‌కు ముత్తాత అన్నమాట. 1816లో ఆయన తన సొంత కుటీరం కిటికీలోంచి కనిపించే దృశ్యాన్నే అలా గీశాడు. రెక్క వేసి ఉంటే ఎదురుగా వేలాడే మాంసం దుకాణం, కంచె పక్కన చెయ్యి చాచిన బిచ్చగాడు. ఎత్తితే కంచె ముందుకు జరిగింది, గులాబీలు పూశాయి, దుకాణం కనపడదు, బిచ్చగాడు లేడు. ఎక్కడికి పోయాడో బొమ్మకు అక్కర్లేదు. పెద్దమనిషి కనీసం రెక్క వేసి పాతదేమిటో కూడా చూపించాడు. మనవాళ్లు రెక్క చింపేసి అమ్ముతున్నారు.

హైదరాబాద్‌లో ఆ రెక్క కింద ఉన్నది చెరువు. 'లేక్ వ్యూ' బొమ్మలో చెరువు ఎప్పుడూ నిండుగా, నీలంగా, గుర్రపుడెక్క లేకుండా ఉంటుంది. అంచున ఉదయపు నడక బాట. ఆ నీరు నిండుగా చేరే మేరకు ఎఫ్‌టీఎల్ అని ఒక గీత, దాని బయట బఫర్ జోన్ అని ఇంకో గీత ఉంటాయి. బొమ్మలో మూడో వంతు గీతలు పడ్డాయి గానీ ఈ రెండు గీతలూ పడలేదు. 2024 జులైలో ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చి, ఆ తర్వాత జేసీబీలు దిగాక, సూత్రాల్లో ఏ గీత గట్టిదో నగరానికి అర్థమైంది.

పాపం, అన్నిటికంటే ఎక్కువ నమ్మేది డల్లాస్‌లో అల్లుడు. ఆయనకు వాట్సాప్‌లో వచ్చిన వాక్‌త్రూనే సైట్ విజిట్. డ్రోన్ ఎగురుతుంది, నేపథ్యంలో వేణువు, కెమెరా కింది నుంచి పైకి లేస్తుంటే టవర్‌కు హీరో ఎంట్రీ. రాత్రి రెండింటికి డబ్బు పంపేస్తాడు. ఆర్నెల్లకు కూకట్‌పల్లి నుంచి మామగారు వెళ్లి చూసి ఫోన్ చేస్తారు.

'అల్లుడుగారూ, చూసొచ్చానండీ.'

'ఎలా ఉందండీ మామయ్యగారూ? వీడియోలో ఉన్నట్టే ఉందా?'

'ఉందండీ, అచ్చం అలాగే ఉంది. కాకపోతే వీడియోలో చెరువున్నవైపు ఇక్కడ ఇంకో టవరుంది. దాని బ్రోషర్ కూడా తెచ్చానండీ. అందులో మన టవర్ లేదు.'

హైదరాబాద్‌లో ఒక స్థలంలో ఎంత విస్తీర్ణం కట్టవచ్చో ఇతర నగరాల్లోలా ఎఫ్‌ఎస్‌ఐ కట్టడి లేదు. కాబట్టి పక్కవాడు లేస్తాడా అన్నది ఊహ కాదు, ఎప్పుడు లేస్తాడన్నదే ప్రశ్న. ఆ పక్కవాడి అనుమతులు పొందిన ప్లాను కాగితాల్లో ఉంటుంది. దాన్ని మోడల్‌లో బూడిదరంగు పెట్టెగా నిలబెట్టడానికి కళాసూత్రం అక్కర్లేదు, స్ఫూర్తి అంతకన్నా అక్కర్లేదు. పది నిమిషాల పని. ఇద్దరు గురువులూ ఇంతకాలంగా పోట్లాడుకుంటున్నది ఆ పది నిమిషాల పని చేయకుండా తప్పించుకోవడానికేనని నా అనుమానం.

దాదాపు 1450లో ఇటలీలో ఆల్బెర్టి కట్టడాల శాస్త్రం రాస్తూ దీని మీద నిష్కర్షగా మాట్లాడాడు. రంగులు పూసి, సింగారించి తెచ్చే నమూనాలు నిజం చెప్పాలనుకునేవాడివి కావు, చూసేవాడి కంటిని వలలో వేసుకుని మెప్పు కొట్టేయాలనుకునేవాడివి అన్నది ఆయన అభిప్రాయం. నమూనా సాదాగా ఉండాలి, మెచ్చుకోవాల్సింది ఆలోచననే గాని పనితనాన్ని కాదు. అంత పెద్ద సూత్రవాది మరొకడు లేడు. బొమ్మలో దూరాన్ని కొలిచి గీయడం పుస్తకంగా రాసినవాడు. అయినా మన సూత్రవాదుల స్లైడుల్లో ఆయన పేరుంటుంది గానీ ఈ సూత్రం ఉండదు.

మాయ చేయడమే తప్పని కాదు. 'మాయాబజార్'లో కళాదర్శకులు గోఖలే, కళాధర్‌లు చిన్న చిన్న ఇళ్లతో ద్వారకను పేర్చారు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ దాని మీద వెన్నెల కురిపించాడు. 1957 నుంచి ఇప్పటిదాకా ఆ ద్వారక మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. ఎందుకంటే వాళ్లు అందులో త్రీ బీహెచ్‌కే అమ్మలేదు.

ఈమధ్య మూడో గురువు వచ్చి ఇద్దరినీ నిరుద్యోగుల్ని చేస్తున్నాడు. మిడ్‌జర్నీ అనే ఏఐకి 'లగ్జరీ టవర్, హైదరాబాద్, గోల్డెన్ అవర్, సినిమాటిక్' అని రాస్తే క్షణాల్లో నాలుగు బొమ్మలు. మెట్లు గోడలోకి పోతాయి, బాల్కనీకి తలుపు ఉండదు, ఓవర్‌కోటు బాబాయికి అప్పుడప్పుడు ఆరు వేళ్లు. అయినా రోడ్డు మాత్రం తడిగానే ఉంటుంది. ఆ యంత్రానికి సూత్రమూ తెలియదు, స్ఫూర్తీ లేదు. ఇన్నేళ్లుగా మనందరం వేసిన బొమ్మలను మింగి వాటి సగటును కక్కింది, అంతే. ఆ సగటు మన స్ఫూర్తివాది కళాఖండంతో ఇంత చక్కగా సరిపోయిందంటే తప్పు యంత్రానిది కాదేమో.

ఇక చట్టం. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటననో బ్రోషర్‌నో మోడల్ ఫ్లాటునో నమ్మి డబ్బు కట్టినవాడు అందులోని తప్పుడు మాట వల్ల నష్టపోతే ప్రమోటరే పరిహారం ఇవ్వాలి. వద్దనుకుంటే వడ్డీతో సహా వెనక్కివ్వాలి. చట్టం ఇంత సూటిగా ఉంటే, బ్రోషర్ చివర చీమలు పాకినట్టు ఉన్న అక్షరాలు ఏం చెబుతాయో తెలుసా? 'ఆర్టిస్ట్స్ ఇంప్రెషన్.' ఇది కళాకారుడి ఊహ మాత్రమే. లాభం ప్రమోటరుది, ఊహ మాత్రం కళాకారుడిది.

ఎవరా కళాకారుడు? అతని పేరు ఏ మూలా ఉండదు. అమీర్‌పేటలో త్రీడీఎస్ మ్యాక్స్ కోర్సు చేసి, ఒక్కో వ్యూకి ఇంతని మాట్లాడుకుని, రాత్రంతా మిషన్ మీద రెండర్ పెట్టి దాని ఫ్యాన్ హోరులోనే పడుకునే కుర్రాడు. సూత్రం గురించీ స్ఫూర్తి గురించీ వేదికల మీద అతన్నెవరూ అడగలేదు. అతనికి రెండూ తెలుసు. సైటు డ్రోన్ ఫోటోలు మొదట చేరేది అతనికే కనక నాలా ఎక్కడుందీ, హైటెన్షన్ లైను ఎటు పోతుందీ, పక్కవాడు ఎన్ని అంతస్తులు లేపుతున్నదీ కూడా తెలుసు. అవన్నీ అతని ఫైలులో శ్రద్ధగా మోడల్ చేసి ఉంటాయి, ఒక లేయర్‌లో. ఆ లేయర్ ఆఫ్‌లో ఉంటుంది.

ఈసారి ఫ్లాటు చూడ్డానికి వెళ్లినప్పుడు వాళ్లిచ్చే కాఫీ తాగి ఊరుకోకుండా ఒక్క మాట అడిగి చూడండి. ఇదే మోడల్‌ని మే నెల మధ్యాహ్నం రెండింటికి, నేల మీద నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో, ఆ లేయర్ ఆన్ చేసి చూపిస్తారా? సేల్స్ అమ్మాయి చక్కగా నవ్వి 'అది టెక్నికల్ టీమ్ చూస్తారు సార్' అంటుంది. టెక్నికల్ టీమ్ అంటే ఆ కుర్రాడే. పట్టు వదలకుండా అతని నంబరు సంపాదించి అడిగారే అనుకోండి, అతను అబద్ధమాడడు.

'ఒక్క క్లిక్కు పని సార్. కానీ ఫైనల్ పేమెంట్ ఇంకా రాలేదు.'